మాత్ర కంటే ముందు మూత్ర పరీక్ష

మన ఇళ్లలో మూత్రంలో మంట మొదలైతే మొదట వినిపించే మాట ‘వేడి చేసింది’. బార్లీ నీళ్లు కాస్తారు, కొబ్బరి బొండాం తెప్పిస్తారు, మజ్జిగ తాగమంటారు. వీటిలో తప్పేమీ లేదు. నీళ్లు ఎక్కువగా తాగితే మేలే. ఆ మాట దగ్గరే ఆగిపోవడంతోనే చిక్కు. మూడో రోజుకు వణికించే చలిజ్వరం, వీపులో ఒక పక్క పక్కటెముకల కింద నొప్పి, వాంతులు మొదలయ్యాక కూడా వేడే అనుకుంటే, అప్పటికి సూక్ష్మజీవి మూత్రాశయం దాటి మూత్రపిండాన్ని చేరి ఉంటుంది.

వైద్యం దగ్గరలో లేక ఇలా జరుగుతోందనుకోలేం. 1998 నవంబరు 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి హైదరాబాద్ మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన నాటికి చుట్టూ రాళ్లగుట్టలే. ఇవాళ కొండాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా పెద్ద ఆసుపత్రులు, స్కానింగ్ సెంటర్లు, ఇంటికొచ్చి నమూనాలు తీసుకెళ్లే ల్యాబులు, నిమిషాల్లో మందులు తెచ్చే యాప్‌లు ఉన్నాయి. కిడ్నీ ఇన్ఫెక్షన్‌ను గుర్తించి నయం చేయడానికి కావలసినవన్నీ ఈ ఐటీ కారిడార్‌లో పది కిలోమీటర్ల లోపే దొరుకుతాయి. అయినా రోగులు ఆలస్యంగా, అప్పటికే రెండు మూడు రకాల యాంటీబయాటిక్‌లు మింగి ఆసుపత్రికి చేరుతున్నారు. ఆ ఆలస్యానికి కారణాలేమిటి, వైద్యశాస్త్రం ఏం చెబుతోంది, మనం ఎక్కడ దారి తప్పుతున్నాం అన్నదే ఈ సమీక్ష.

ఎక్కడ మొదలై ఎక్కడికి చేరుతుంది

కిడ్నీ జబ్బు అనగానే తెలుగువారికి ఉద్దానం గుర్తొస్తుంది. శ్రీకాకుళం తీరంలోని ఆ జబ్బు ఏళ్ల తరబడి చడీచప్పుడు లేకుండా కిడ్నీలను తినేస్తుంది. ఇక్కడ మాట్లాడుకుంటున్నది వేరు. డాక్టర్లు పైలోనెఫ్రైటిస్ అని పిలిచే ఈ ఇన్ఫెక్షన్ గంటల్లో, రోజుల్లో ముదురుతుంది. సరైన మందు సకాలంలో పడితే చాలామందిలో పూర్తిగా నయమవుతుంది.

ఇది ఎక్కువగా కింది నుంచి పైకి పాకే జబ్బు. మన పేగుల్లోనే బతికే ఈ.కొలై అనే బాక్టీరియా మూత్రద్వారం గుండా మూత్రాశయంలోకి, అక్కడి నుంచి యురేటర్ అనే సన్నని గొట్టం గుండా మూత్రపిండంలోకి ఎక్కుతుంది. కొన్ని రకాల ఈ.కొలైకి ఒంటి మీద నూగులాంటి పోగులుంటాయి. మూత్రధార కొట్టుకొస్తున్నా వాటితో గోడను పట్టుకుని నిలబడగలదు. క్లెబ్సియెల్లా, ప్రోటియస్, ఎంటరోకాకస్ వంటివీ ఈ పని చేస్తాయి. ఆడవారిలో మూత్రమార్గం పొడవు సుమారు 4 సెంటీమీటర్లు, మగవారిలో 20 దాకా ఉంటుంది. ఆడవారికి ఈ జబ్బు ఎక్కువగా రావడానికి ప్రధాన కారణం ఈ కొలతే. ‘శుభ్రత లేదు’ అని వాళ్లను నిందించడం అన్యాయం.

మగవారికి వస్తే మాత్రం వెనక మరో కారణం ఉందేమోనని వెతకాలి. కిడ్నీలో రాయి, ప్రోస్టేట్ వాపు, మధుమేహం, ఎప్పుడో యురేటర్‌లో వేసి తీయించుకోవడం మరచిన స్టెంట్ ఏదైనా కావచ్చు. చిన్నపిల్లల్లో కారణం తెలియని జ్వరమే ఏకైక లక్షణం కావచ్చు. పెద్దవయసు వారిలో జ్వరం కూడా లేకుండా ఉన్నట్టుండి మాట తడబడి, మనుషుల్ని గుర్తుపట్టని స్థితి రావచ్చు.

ఈ కారిడార్‌లో ఎందుకు

ఐటీ ఉద్యోగాన్నే ఈ జబ్బుకు కారణమని చెప్పడం తొందరపాటు. ఈ జబ్బుకు అనుకూలించే పరిస్థితులు మాత్రం ఇక్కడ కలిసొస్తాయి. ఏసీ గదిలో దాహం తెలియదు. వరుస కాల్స్ మధ్య లేవడం కుదరదు. ఆఫీసు నుంచి మియాపూర్‌కో ఉప్పల్‌కో చేరేలోగా గంటన్నర ట్రాఫిక్. దారిలో శుభ్రమైన టాయిలెట్ ఉంటుందన్న నమ్మకం లేక చాలామంది అమ్మాయిలు బయలుదేరే ముందు నీళ్లు తాగడమే మానేస్తారు. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడుతుంది. ఆపుకుంటే మూత్రాశయంలో బాక్టీరియా పెరగడానికి సమయం దొరుకుతుంది. ఎండలు మండే తెలంగాణలో రాళ్లు ఏర్పడటానికీ ఇదే దారి.

నీళ్ల ప్రభావం ఎంతో తేల్చిన పరిశోధన ఒకటుంది. తరచూ మూత్రాశయ ఇన్ఫెక్షన్లు వచ్చే, రోజుకు ఒకటిన్నర లీటర్ల కన్నా తక్కువ తాగే 140 మంది మహిళలపై బల్గేరియాలో జరిపిన ఆ అధ్యయనం 2018లో వెలువడింది. రోజూ మరో ఒకటిన్నర లీటర్లు తాగిన వారికి ఏడాదిలో సగటున 1.7 సార్లు ఇన్ఫెక్షన్ వస్తే, తాగని వారికి 3.2 సార్లు వచ్చింది. ఇది మూత్రాశయానికి సంబంధించిన లెక్క, నేరుగా కిడ్నీది కాదు. కానీ కిడ్నీకి పాకేది మూత్రాశయం నుంచే కదా.

రెండో కారణం మధుమేహం. ఐసీఎంఆర్ ఇండియాబ్ అధ్యయనం 2023లో దేశంలో పది కోట్లకు పైగా మధుమేహులున్నారని అంచనా వేసింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఏఐజీ ఆసుపత్రి పరిశోధకులు 2025లో ప్రచురించిన అధ్యయనంలో ఇక్కడి 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు కనిపించింది. అది కిడ్నీల మీద చేసిన అధ్యయనం కాదు. అయితే కాలేయంలో కొవ్వు, రక్తంలో చక్కెర తోబుట్టువుల్లాంటివి. ఒకటి కనబడితే రెండోదాన్ని వెతకాలి. అదుపులో లేని చక్కెర ఉన్నవారికి మామూలు ఇన్ఫెక్షన్ ప్రాణం మీదికి రావడానికి ఎక్కువ కాలం పట్టదు.

జ్వరానికి తప్పు పేరు

వానాకాలంలో హైదరాబాద్‌లో చలితో జ్వరం వస్తే అందరికీ ముందు తట్టేవి డెంగీ, మలేరియా, టైఫాయిడ్, వైరల్ ఫీవర్. రక్తపరీక్షలు వరసగా రాస్తారు. విడాల్ పరీక్షలో ఏదో అంకె కాస్త ఎక్కువగా వస్తే టైఫాయిడ్ అని పేరు పడిపోతుంది. నిజానికి టైఫాయిడ్ ఎక్కువగా ఉండే మన ప్రాంతంలో ఒక్క విడాల్‌ను నమ్మి జబ్బును ఖాయం చేయలేం. పేరు తప్పైనా, దానికి వాడే యాంటీబయాటిక్‌తో కిడ్నీ ఇన్ఫెక్షన్ కొంత తగ్గి, వారం తిరక్కుండా మళ్లీ లేస్తుంది.

ఈ గందరగోళాన్ని తప్పించే పని ఖర్చులేనిది. డాక్టర్ రోగిని కూర్చోబెట్టి, వీపు మీద చివరి పక్కటెముకకూ వెన్నెముకకూ మధ్య ఉన్న మూలలో పిడికిలితో మెల్లగా తడతారు. ఒక పక్క తట్టగానే రోగి ఉలిక్కిపడితే అనుమానం కిడ్నీ మీదికి మళ్లాలి. మంట ఉందా, మాటిమాటికీ వెళ్లాల్సి వస్తోందా, ఇంతకుముందు రాళ్లున్నాయా, గర్భం ఉందా అని అడగాలి. మంట లేనంత మాత్రాన కిడ్నీ ఇన్ఫెక్షన్ కాదని తోసిపుచ్చకూడదు. వీడియో కాల్‌లో మందు రాసే ఈ రోజుల్లో వీపు తట్టి చూసే ఆ అర నిమిషం తప్పిపోతోంది. చలిజ్వరంతో ఉన్న మనిషిని డాక్టర్ చేత్తో తాకి చూడాల్సిందే.

డబ్బాలో పట్టే పద్ధతి

అనుమానం రాగానే చేయాల్సినవి రెండు పరీక్షలు. మొదటిది మామూలు మూత్ర పరీక్ష. అందులో పస్ సెల్స్ (చీము కణాలు), నైట్రైట్ కనిపిస్తే ఇన్ఫెక్షన్‌కు సూచన. అది గంటల్లో తేలుతుంది. రెండోది కల్చర్. మూత్రంలోని బాక్టీరియాను పెంచి, అదేమిటో గుర్తించి, ఏ మందుకు చస్తుందో, ఏ మందును లెక్కచేయదో చెప్పే పరీక్ష. పెరగడానికి ఒక రోజు, మందుల పట్టిక తేలడానికి మరో రోజు పడుతుంది. మిల్లీలీటరు మూత్రంలో లక్ష బాక్టీరియా అనే కొలమానాన్ని 1956లో ఎడ్వర్డ్ కాస్ అనే అమెరికన్ వైద్యుడు స్థిరపరిచాడు. లక్షణాలు స్పష్టంగా ఉన్నప్పుడు అంతకన్నా తక్కువ ఉన్నా పట్టించుకోవాలని ఇప్పటి వైద్యం చెబుతోంది.

కల్చర్ విలువంతా నమూనా పట్టే తీరులో ఉంది. ముందు శుభ్రంగా కడుక్కోవాలి. మొదటి ధారను వదిలేసి, నడిమి ధారను ల్యాబు ఇచ్చిన స్టెరైల్ డబ్బాలో పట్టాలి. మూత లోపలి వైపు వేలు తగలకూడదు. రెండు గంటల్లోపు ల్యాబుకు చేరాలి, లేదంటే ఫ్రిజ్‌లో ఉంచాలి. అనుకూలమైన చోట ఈ.కొలై ఇరవై నిమిషాలకొకసారి రెట్టింపవుతుంది. పొద్దున పట్టిన డబ్బా బైక్ మీద ఎండలో తిరిగి మధ్యాహ్నానికి చేరితే ఆ ఫలితాన్ని నమ్మలేం.

అన్నిటికన్నా ముఖ్యమైన నియమం: యాంటీబయాటిక్ మొదటి మోతాదుకు ముందే నమూనా పట్టాలి. ఒక్క మాత్ర పడ్డా బాక్టీరియా కల్చర్‌లో పెరగకపోవచ్చు, ఒంట్లో మాత్రం మిగిలే ఉండొచ్చు. డబ్బాలో పట్టడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ ఐదు నిమిషాలు దాటేసినందుకు తర్వాత వారం రోజులు చీకట్లో బాణాలు వేయాల్సి వస్తుంది.

రెండు జాగ్రత్తలు ఇక్కడే చెప్పాలి. మూత్రంలో పస్ సెల్స్ పదేపదే కనిపిస్తూ కల్చర్‌లో ఏమీ పెరగకపోతే మన దేశంలో క్షయను గుర్తుచేసుకోవాలి. కిడ్నీకీ టీబీ వస్తుంది. సిప్రోఫ్లాక్సాసిన్ కుటుంబపు మందులు ఆ టీబీని కొన్నాళ్లు కప్పిపెట్టగలవు. రెండోది దీనికి ఎదురు విషయం. ఏ బాధా లేకుండా హెల్త్ చెకప్ రిపోర్టులో బాక్టీరియా కనిపించినంత మాత్రాన మందు వాడకూడదు. గర్భిణులు, మూత్రనాళాల్లో ఆపరేషన్ చేయించుకోబోతున్నవారు ఇందుకు మినహాయింపు. గర్భిణుల్లో ఆ బాక్టీరియాను వదిలేస్తే కొందరిలో కిడ్నీకి పాకుతుంది, నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదం పెరుగుతుంది.

ఏ మందు, ఎన్నాళ్లు

కల్చర్ తేలేదాకా జ్వరం ఆగదు కనుక డాక్టర్ అంచనాతో మందు మొదలుపెట్టి, రెండో రోజు రిపోర్టు చూసి మార్చాలి. ఈ ‘మార్చడం’ అనే సగం పనే ఎక్కువగా జరగడం లేదు. జ్వరం తగ్గిందని రోగి రిపోర్టు తీసుకోడు, తీసుకున్నా చూపించడు.

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే మందుల్లో కొన్ని కిడ్నీ దాకా చేరవు. నైట్రోఫ్యురాంటోయిన్ మాత్రలు, ఫాస్ఫోమైసిన్ పొడి మూత్రాశయ ఇన్ఫెక్షన్‌కు మంచి మందులే. మూత్రంలో గాఢంగా చేరతాయి, కానీ మూత్రపిండపు కణజాలంలోకి చాలినంతగా ఇంకవు. మంట తగ్గించే సిరప్‌లు మంటనే తగ్గిస్తాయి, బాక్టీరియాను కాదు. వీపునొప్పికి వాడే డైక్లోఫెనాక్, ఏసిక్లోఫెనాక్ వంటి మాత్రలు వాంతులతో నీరు కోల్పోయిన రోగికి కిడ్నీలను ఇంకా దెబ్బతీయగలవు. జ్వరానికి, నొప్పికి పారాసెటమాల్ మేలు.

ఐసీఎంఆర్ ఏటా ప్రకటించే నివేదికల ప్రకారం పెద్ద ఆసుపత్రుల్లో దొరికే ఈ.కొలైలో ఎక్కువ భాగం సిప్రోఫ్లాక్సాసిన్‌కూ, సెఫ్ట్రియాక్సోన్ వంటి మూడో తరం సెఫలోస్పోరిన్‌లకూ లొంగడం లేదు. అవి పెద్దాసుపత్రుల లెక్కలు. ముదిరిన, ఇంతకుముందు మందులు వాడిన రోగులే అక్కడికి ఎక్కువగా వస్తారు కనుక బయటి పరిస్థితి అంత చెడ్డగా ఉండకపోవచ్చు. అయినా వీధి క్లినిక్‌లో రెండు రోజులు సెఫ్ట్రియాక్సోన్ ఇంజక్షన్లు వేయించుకుని ఇంటికి పోయే అలవాటు ఎంత ప్రమాదకరమో ఆ లెక్కలు చెబుతున్నాయి.

రిపోర్టులో ‘ఈఎస్‌బీఎల్ పాజిటివ్’ అని ఉంటే, ఆ బాక్టీరియా సెఫలోస్పోరిన్‌లను విరగ్గొట్టే ఎంజైమును తయారుచేస్తోందని అర్థం. అలాంటప్పుడు ఏ మందు వాడాలన్న చర్చలో 2018 నాటి మెరినో అధ్యయనం కీలకం. సెఫ్ట్రియాక్సోన్‌కు లొంగని బాక్టీరియా రక్తంలోకి చేరిన రోగుల్లో మెరోపెనెమ్ వాడిన వారిలో 30 రోజుల్లో 3.7 శాతం మంది చనిపోతే, పిపెరాసిలిన్-టాజోబ్యాక్టమ్ వాడిన వారిలో 12.3 శాతం మంది చనిపోయారు. ఆ తేడా అంతా మందుదేనా అన్న వాదన ఇంకా సాగుతోంది. ఇన్ఫెక్షన్ మూత్రవ్యవస్థకే పరిమితమై, రోగి నిలకడగా ఉన్నప్పుడు తేలికపాటి మందుతో సరిపెట్టవచ్చనే వైద్యులూ ఉన్నారు. తీవ్రమైన రోగికి మెరోపెనెమ్, నిలకడగా ఉన్నవారికి కల్చర్ చూపిన వాటిలో అతి తేలికపాటి మందు అన్నదే సమంజసమైన దారి అని నా అభిప్రాయం. ప్రతి జ్వరానికీ మెరోపెనెమ్ ఎక్కిస్తే, రేపు దానికీ లొంగని బాక్టీరియా మిగులుతుంది.

ఎన్నాళ్లన్న ప్రశ్నకు జవాబు స్పష్టంగానే ఉంది. పూర్వం 14 రోజులు వాడేవారు. స్వీడన్‌లో 248 మంది మహిళలపై జరిగి 2012లో వెలువడిన అధ్యయనంలో సిప్రోఫ్లాక్సాసిన్ 7 రోజులు వాడినా 14 రోజులు వాడినా నయమైనవారు దాదాపు సమానం: 97 శాతం, 96 శాతం. అమెరికా ఇన్ఫెక్షియస్ డిసీజెస్ సొసైటీ 2025 మార్గదర్శకాలు కూడా కోలుకుంటున్న రోగికి వారం రోజులనే సూచించాయి. ఇక్కడ షరతు ఒకటే: ఆ బాక్టీరియా ఆ మందుకు లొంగేదై ఉండాలి. ఆ సంగతి చెప్పేది మళ్లీ కల్చరే.

మందుతో పాటు దారి తెరవాలి

మందు మొదలుపెట్టిన 48 నుంచి 72 గంటల్లో జ్వరం దిగకపోతే స్కాన్ తీయాలి. రాళ్లున్న చరిత్ర, మధుమేహం, ఒకే కిడ్నీ, మూత్రం తగ్గిపోవడం, రక్తంలో క్రియాటినిన్ పెరగడం ఉంటే అంతసేపు కూడా ఆగకుండా మొదటి రోజే అల్ట్రాసౌండ్ చేయాలి. యురేటర్‌లో రాయి అడ్డుపడి, దాని పైన చీము చేరితే ఎంత గొప్ప యాంటీబయాటిక్ ఎక్కించినా ఫలితం ఉండదు. డీజే స్టెంట్ వేయడమో, వీపు వైపు నుంచి సన్నని గొట్టంతో చీమును బయటికి తీయడమో గంటల్లో జరగాలి. రాయిని తీయడం తర్వాత సంగతి. వేసిన స్టెంట్‌ను చెప్పిన తేదీకి తీయించుకోవడం రోగి బాధ్యత.

మధుమేహుల్లో వచ్చే మరో భయంకర రూపం ఎంఫిసిమాటస్ పైలోనెఫ్రైటిస్. బాక్టీరియా చక్కెరను పులియబెట్టి కిడ్నీలోనే గ్యాస్ పుట్టిస్తుంది. ఈ రోగుల్లో అత్యధికులు మధుమేహులే. సీటీ స్కాన్‌లో ఆ గ్యాస్ స్పష్టంగా కనిపిస్తుంది. పూర్వం కిడ్నీని తీసేయడమే వైద్యంగా ఉండేది. ఇప్పుడు గొట్టంతో తోడి, తగిన మందు ఇచ్చి చాలామందిలో కిడ్నీని నిలబెడుతున్నారు.

పటాన్‌చెరు పాఠం

మందులకు లొంగని బాక్టీరియా గురించి మాట్లాడుతూ హైదరాబాద్‌ను దాటేయలేం. యాంటీబయాటిక్‌లతో తెలుగువారి బంధం పాతది. మొదటి టెట్రాసైక్లిన్ అయిన ఆరియోమైసిన్‌ను 1948లో లోకానికి అందించిన లెడర్లీ పరిశోధనశాలకు నాయకత్వం వహించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ తర్వాత బాలానగర్‌లో వెలిసిన ప్రభుత్వ మందుల సంస్థ ఐడీపీఎల్ వల్ల ఈ నగరం దేశానికి మందుల కర్మాగారమైంది. ప్రపంచంలో కోట్లమంది వాడే చవక యాంటీబయాటిక్‌లు ఈ గడ్డ నుంచి వెళ్లాయి.

అదే గడ్డ మీద, ఐటీ కారిడార్‌కు వాయవ్యంగా ఉన్న పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చిన నీటిని స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం పరీక్షించింది. 2007లో ప్రచురించిన ఫలితాల్లో లీటరు నీటిలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్టు తేలింది. మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండే గాఢత కన్నా అది ఎక్కువ. కిడ్నీ ఇన్ఫెక్షన్‌కు దశాబ్దాల పాటు ప్రధానంగా వాడిన మందు వాగునీటిలో బాక్టీరియాకు రోజువారీ సాధనగా మారింది. మందుల ఫ్యాక్టరీల వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెడుతూ కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. 2021లో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు. వాటిని తిరిగి తేవాలి.

ఆశ కలిగించే వార్త కూడా దక్షిణాది నుంచే వచ్చింది. చెన్నైకి చెందిన ఆర్కిడ్ ఫార్మా కనుగొన్న ఎన్మెటాజోబ్యాక్టమ్‌ను సెఫెపైమ్‌తో కలిపిన మందుకు 2024 ఫిబ్రవరిలో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి లభించింది. కిడ్నీ ఇన్ఫెక్షన్లతో సహా ముదిరిన మూత్ర ఇన్ఫెక్షన్ల కోసమే ఆ అనుమతి. ఇదీ అడిగినవారికల్లా అమ్మితే సిప్రోఫ్లాక్సాసిన్ దారినే పోతుంది. షెడ్యూల్ హెచ్1 నిబంధన 2014 నుంచి అమల్లో ఉంది. అందులోని యాంటీబయాటిక్‌లు చీటీ లేకుండా ఇవ్వకూడదు, ఇచ్చిన ప్రతిసారీ రిజిస్టర్‌లో రాయాలి. ఆ నిబంధన మెడికల్ షాపుకెంతో మందుల యాప్‌కీ అంతే.

అద్దాల మేడల వెలుపల

ఈ కారిడార్ అంటే ఇన్సూరెన్స్ కార్డున్న ఉద్యోగులే కారు. సిద్దిఖ్‌నగర్, అంజయ్యనగర్ గదుల్లో ఉంటూ ఆఫీసులు ఊడ్చే అమ్మలు, గేటు దగ్గర పన్నెండు గంటలు నిలబడే సెక్యూరిటీ గార్డులు, కోకాపేటలో ముప్ఫై అంతస్తులు లేపుతున్న కూలీలు, క్యాబ్, డెలివరీ కుర్రాళ్లు కూడా దీనిలోనివారే. భవనంలో ప్రతి అంతస్తుకూ టాయిలెట్లు కట్టే ఆడకూలీకి పని చోట ఒక్కటీ ఉండదు. ఆమెకు నీళ్లు తాగమని సలహా ఇచ్చే ముందు టాయిలెట్ చూపించాలి.

వీరికీ దారులున్నాయి, తెలియజెప్పాలి. కొండాపూర్‌లో ప్రభుత్వాసుపత్రి ఉంది, బస్తీ దవాఖానాలున్నాయి. నెలకు 21 వేల రూపాయల లోపు జీతమున్న కాంట్రాక్టు ఉద్యోగులు ఈఎస్‌ఐ పరిధిలోకి వస్తారు, సనత్‌నగర్‌లో దాని పెద్దాసుపత్రి ఉంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది. కాంట్రాక్టు ఏజెన్సీ ఈఎస్‌ఐ కడుతోందా లేదా అని కంపెనీల హెచ్‌ఆర్ విభాగాలు అడిగితే చాలు, ఎన్నో ప్రాణాలు గట్టెక్కుతాయి.

మొత్తం చూస్తే కిడ్నీ ఇన్ఫెక్షన్‌లో వైద్యశాస్త్రానికి అంతుచిక్కనిది తక్కువ. అడ్డు ఉంటే తొలగించాలి, సరైన మందు వారం రోజులు వాడాలి. వీటిలో ఇప్పుడు ఎవరికీ సందేహం లేదు. చిక్కంతా మొదటి రోజే ఉంది. చలిజ్వరం, ఒక పక్క వీపునొప్పి కలిసి వస్తే వేడి అనుకుని కూర్చోకండి. గర్భిణి అయినా, మధుమేహం ఉన్నా, వాంతులతో మంచినీళ్లు కూడా నిలవకపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. యాంటీబయాటిక్ చీటీ చేతికి రాగానే ‘డాక్టర్ గారూ, మందు వేసుకునే ముందు యూరిన్ కల్చర్‌కు ఇవ్వమంటారా?’ అని అడగండి. రెండు రోజుల తర్వాత ఆ రిపోర్టు తీసుకుని తప్పక మళ్లీ వెళ్లండి.